థైమస్ చిక్కిపోయింది: ఒత్తిడి అని రాసేయొచ్చా, ఇమ్యూనిటీ పరీక్ష పెట్టాలా?

టాక్స్_కొత్త:

నమస్కారం అండీ. కొత్త మందుల టాక్సిసిటీ చూసే టీమ్‌లో ఈమధ్యే చేరాను. ఇప్పుడు మా చేతిలో ఉన్నది నోటి ద్వారా ఇచ్చే చిన్న మాలిక్యూల్ ఒకటి, పేరు బయటికి చెప్పలేను, దానికీ రోగనిరోధక వ్యవస్థకీ సంబంధం ఉంటుందని మొదట్లో ఎవరూ అనుకోలేదు. ఎలుకల్లో 28 రోజుల స్టడీ పూర్తయింది. ఎక్కువ డోసు గుంపులో థైమస్ (టీ కణాలనే రోగనిరోధక కణాలు పక్వానికి వచ్చే గ్రంథి) బరువు బాగా తగ్గింది, ప్లీహం కొద్దిగా తగ్గింది, రక్తంలో లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) కూడా మందు ఇవ్వని కంట్రోల్ గుంపు కంటే తక్కువ. అదే గుంపు సరిగ్గా మేత తినలేదు, బరువు కూడా పెరగాల్సినంత పెరగలేదు. మధ్య డోసులో థైమస్ కాస్త తగ్గినట్టే కనిపిస్తోంది కానీ స్టాటిస్టిక్స్‌లో తేడాగా తేలలేదు.

టీమ్‌లో ఎక్కువమందిది ఒకటే మాట: "తిండి తినని ఎలుకకి థైమస్ తగ్గడం మామూలే, ఒత్తిడి వల్ల అని రాసి ముందుకెళ్దాం." నాకెందుకో ఆ మాట మింగుడు పడటం లేదు, అలాగని కాదు అనడానికి నా దగ్గర గట్టి ఆధారమూ లేదు. రేపు ఈ మందు మనుషులకి వెళ్తుంది కదా, అందులో అప్పటికే ఇమ్యూనిటీ తక్కువగా ఉన్నవాళ్ళు కూడా ఉంటారు కదా అని టెన్షన్‌గా ఉంది.

ఒత్తిడి వల్ల వచ్చిన మార్పునీ, మందే నేరుగా చేసిన దెబ్బనీ విడదీసి చూడటం ఎలా? అవయవాల బరువులు, కణాల లెక్కలు కాకుండా ఇమ్యూనిటీ నిజంగా పని చేస్తోందో లేదో తేల్చే పరీక్షలు ఏవి, వాటిని ఎంతవరకు నమ్మొచ్చు? ఇంకొకటి, జంతువుల్లో అన్నీ బాగానే వస్తే మనుషుల విషయంలో ధైర్యంగా ఉండొచ్చా? ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్, ఎంత పొడుగ్గా రాసినా చదువుతాను.


స్లైడ్_చదువరి:

పాథాలజీ వైపు నుంచి చెప్తాను. మీకు మింగుడు పడకపోవడం సరైనదే. మందుల ఇమ్యునోటాక్సిసిటీ (రోగనిరోధక వ్యవస్థకి జరిగే హాని) కోసం 2005లో వచ్చిన, మందుల పరీక్షలకి అంతర్జాతీయంగా పాటించే ఐసీహెచ్ ఎస్8 గైడ్‌లైన్ ఒత్తిడి సంగతిని విడిగా ప్రస్తావించింది, ఒత్తిడే కారణమని చెప్పి అదనపు పరీక్షలు మానేయాలంటే ఆ ఆధారం చాలా బలంగా ఉండాలని అందులో ఉంది. "తినలేదు కాబట్టి ఒత్తిడి" అనేది ఆధారం కాదు, ఊహ.

ముందు అడ్రినల్ గ్రంథుల బరువు చూడండి, స్లైడులో వాటి కార్టెక్స్ (బయటి పొర) మందంగా అయిందా చూడండి. ఒత్తిడిలో ఉన్న ఎలుకలో అడ్రినల్ నుంచి కార్టికోస్టెరోన్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా వస్తుంది, అది థైమస్ కార్టెక్స్‌లో ఇంకా పక్వానికి రాని లింఫోసైట్లని చంపుతుంది. అందుకే ఒత్తిడి థైమస్‌ని మైక్రోస్కోప్ కింద పెడితే, బయటి వైపు చిక్కగా నీలంగా ఉండాల్సిన కార్టెక్స్ పల్చబడి ఉంటుంది, చచ్చిన కణాల ముక్కల్ని మింగిన మాక్రోఫేజ్‌లు తెల్లటి చుక్కల్లా అక్కడక్కడా మెరుస్తుంటాయి, లోపలి మెడుల్లా మాత్రం దాదాపు అలాగే నిలబడి ఉంటుంది. రక్తంలో లింఫోసైట్లు తగ్గి న్యూట్రోఫిల్స్ పెరిగి ఇయోసినోఫిల్స్ పడిపోతే ఆ చిత్రానికి ఇంకాస్త బలం. ఇవన్నీ కలిసి రావాలి, ఆ మార్పులు బరువు తగ్గిన జంతువుల్లోనే ఉండాలి, బరువు ఎంత తగ్గితే థైమస్ అంత తగ్గాలి. కాబట్టి గుంపు సగటు పట్టుకుని కూర్చోకుండా ఒక్కొక్క ఎలుక లెక్క ఒక్కొక్కటిగా వేయండి, బరువు బాగానే పెరిగిన ఎలుకలో కూడా థైమస్ చిక్కిపోయి ఉంటే ఒత్తిడి కథ అక్కడే ఆగిపోతుంది.

మధ్య డోసు గురించి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు, నా దృష్టిలో అసలు సమాధానం ఉన్నది అక్కడే. మేత బాగా తిని హుషారుగా ఉన్న మధ్య డోసు ఎలుకల్లో థైమస్ తగ్గుతోందంటే, స్టాటిస్టిక్స్‌లో తేలకపోయినా దాన్ని పక్కన పెట్టకండి. ఒక గుంపులో ఉండే కొద్దిపాటి జంతువులతో, పైగా థైమస్ బరువు ఎలుకకీ ఎలుకకీ అంత మారేటప్పుడు, తేడా తేలకపోవడం వింతేమీ కాదు.

థైమస్ తగ్గిన ప్రతిదీ ఒత్తిడి కాదనడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ డయాక్సిన్, అంటే టీసీడీడీ. అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకల్లో కూడా అది థైమస్‌ని కుంగదీసింది. స్టెరాయిడ్ దారితో దానికి పని లేదు, ఏహెచ్ రిసెప్టర్ అనే ఇంకో దారిలో వెళ్తుంది. 

ప్లీహం, లింఫ్ నోడ్లు, పేగు గోడలోని పేయర్స్ ప్యాచ్‌లు, ఎముక మజ్జ, ఇవన్నీ మళ్ళీ చదివించండి, వీలైతే ఏ స్లైడు ఏ గుంపుదో చెప్పకుండా. ప్రతి భాగాన్నీ విడివిడిగా రాయమనండి: ప్లీహంలో టీ కణాలుండే చోటు ఎలా ఉంది, బీ కణాల ఫాలికిల్స్ (గుంపులు) ఎలా ఉన్నాయి, వాటిలో బీ కణాలు చురుగ్గా పెరిగే జెర్మినల్ సెంటర్లు ఎన్ని. రిపోర్టులో "ప్లీహం: కణాలు తగ్గాయి" అని ఒక్క ముక్క రాస్తే దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఇంకో మాట, స్టడీ మధ్యలో చనిపోయిన జంతువుల థైమస్ పట్టుకుని ఏ నిర్ణయానికీ రావద్దు, చావుకి దగ్గరైన ప్రతి జంతువులోనూ అది కుంగే ఉంటుంది.


కణం_వెంట:

స్లైడ్_చదువరి గారు చెప్పిన దానికి పూర్తిగా ఒప్పుకుంటూనే ఒక అడుగు ముందుకు వెళ్తాను. స్లైడు ఎంత బాగా చదివినా అది చెప్పేది కణాలు ఉన్నాయా లేవా అన్నదే. ఉన్న కణాలు పని చేస్తాయా అన్నది తెలియాలంటే వాటికి పని చెప్పి చూడాలి. సిపాయిలు వరసలో ఎంతమంది నిలబడ్డారో లెక్కపెడితే యుద్ధం వస్తే ఏం చేస్తారో తెలియదు కదా.

దానికోసం ఉన్న ప్రధాన పరీక్ష టీడార్, అంటే టీ కణాల సాయంతో వచ్చే యాంటీబాడీ స్పందనని కొలవడం. జంతువు ముందెప్పుడూ చూడని ఒక పరాయి ప్రొటీన్‌ని ఇస్తాం, దాని మీద ఎంత యాంటీబాడీ తయారైందో చూస్తాం. చెప్పడానికి ఇంతే కానీ ఆ యాంటీబాడీ రావాలంటే ఆ పరాయి ప్రొటీన్‌ని, అంటే యాంటిజెన్‌ని పట్టి ముక్కలు చేసి చూపించే కణం పని చేయాలి, సహాయక టీ కణం దాన్ని గుర్తుపట్టాలి, అది బీ కణాన్ని ప్రేరేపించాలి, బీ కణం విభజన చెంది యాంటీబాడీని వదలాలి, మధ్యలో సైటోకైన్లు (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లు) సరిగ్గా అందాలి. ఇందులో ఎక్కడ తెగినా చివరి అంకె పడిపోతుంది. ఒకే పరీక్ష ఇంత మందిని ఒకేసారి పలకరిస్తుంది కాబట్టే దీనికి అంత విలువ.

దీని పాత రూపం చూస్తే ముచ్చటేస్తుంది. 1963లో నీల్స్ యెర్నే, ఆల్బర్ట్ నార్డిన్ చెప్పిన ప్లాక్ పద్ధతి అది. ఎలుకకి గొర్రె ఎర్రరక్తకణాలు ఎక్కించి, నాలుగైదు రోజుల తర్వాత దాని ప్లీహం తీసి కణాల్ని విడదీసి, మళ్ళీ అవే గొర్రె రక్తకణాలతోటి, యాంటీబాడీ అంటిన కణాల్ని పగలగొట్టే రక్త ప్రొటీన్లైన కాంప్లిమెంట్‌తోటి కలిపి అగార్ జెల్‌లో పల్చగా పరుస్తారు. వెచ్చగా కొన్ని గంటలు ఉంచితే, ఎర్రటి పొర మీద సూదితో గుచ్చినట్టు గుండ్రంగా తేటపడ్డ మచ్చలు కనిపిస్తాయి. ఒక్కో మచ్చ నడుమ ఒక్కో కణం, తన చుట్టూ యాంటీబాడీని వదులుతూ. మచ్చలు లెక్కపెడితే ఎన్ని కణాలు నిజంగా పని చేస్తున్నాయో తెలిసిపోతుంది. కంట్రోల్ ఎలుక ప్లేటు నిండా మచ్చలుండి, పక్కనే ఇమ్యూనిటీని అణిచే సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇచ్చిన ఎలుక ప్లేటు దాదాపు ఖాళీగా ఎర్రగా ఉంటే ఆ తేడా చూడటానికి స్టాటిస్టిక్స్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు చాలా ల్యాబులు గొర్రె కణాల బదులు కేఎల్‌హెచ్ వాడుతున్నాయి. పసిఫిక్ తీరంలో దొరికే ఒక సముద్రపు నత్త రక్తంలోని ప్రొటీన్ అది, రాగి ఉంటుంది కాబట్టి నీలంగా ఉంటుంది. గొర్రె రక్తం ఒక్కో జంతువు నుంచి ఒక్కోలా వస్తుంది, కేఎల్‌హెచ్ శుద్ధి చేసిన సరుకు కాబట్టి ఆ గొడవ తక్కువ. పైగా ఎలైసా అనే ల్యాబు పరీక్షతో సీరంలోనే యాంటీబాడీ కొలవచ్చు, ఐజీఎం రకం యాంటీబాడీ మొదటి వారంలో, ఐజీజీ రకం రెండో వారానికి, జంతువుని చంపకుండానే మళ్ళీ మళ్ళీ రక్తం తీసి చూడొచ్చు.

ఎంతవరకు నమ్మొచ్చు అన్నారు కదా. అమెరికాలో నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ కోసం లస్టర్ బృందం యాభైకి పైగా రసాయనాల్ని ఎలుకల్లో పరీక్షించిన డేటాని 1992లో విశ్లేషించింది. ఒక్క ప్లాక్ పరీక్షే 78 శాతం సందర్భాల్లో సరైన జవాబు ఇచ్చింది, కణాల ఉపరితల గుర్తులు లెక్కపెట్టడం 83 శాతం. రెండు మూడు పరీక్షలు జోడిస్తే ఇంకా మెరుగైంది. తెల్లకణాల మొత్తం సంఖ్య, ప్లీహం బరువు లాంటివి ఒంటరిగా అంత బాగా చెప్పలేకపోయాయి. మీ టీమ్ ఇప్పుడు సరిగ్గా వాటి మీదే ఆధారపడి వాదిస్తోంది, అది వాళ్ళకి చెప్పండి.

ఇంకో సంగతి నన్ను చాలా కదిలిస్తుంది కాబట్టి రాయకుండా ఉండలేను. ఎలుకల్లో మనం పనిగట్టుకుని చేసే ఈ పరీక్ష మనుషుల్లో రోజూ జరుగుతూనే ఉంది, దాని పేరు టీకా. ఫారో దీవుల్లో పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన గ్రాన్జాన్ బృందం 2012లో ప్రచురించిన ఫలితాలు చూడండి: నాన్‌స్టిక్ పూతల్లో, నీళ్ళు అంటని బట్టల్లో వాడే పీఫాస్ రసాయనాలు ఐదేళ్ళ వయసులో రక్తంలో రెండింతలు ఉన్న పిల్లలకి ఏడేళ్ళ వయసులో ధనుర్వాతం, డిఫ్తీరియా టీకాల యాంటీబాడీలు దాదాపు సగం తక్కువగా ఉన్నాయి. ఆ పిల్లలు జబ్బుపడి ఆసుపత్రికి రాలేదు, బయటికి ఏ లక్షణమూ లేదు, రక్తపరీక్షలో తెల్లకణాలు లెక్కపెడితే ఏమీ దొరికేది కాదు. టీకాకి శరీరం ఎలా స్పందించిందో కొలిస్తేనే దొరికింది. 2020లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఎఫ్సా నాలుగు పీఫాస్‌లకి కలిపి కిలో శరీర బరువుకి వారానికి 4.4 నానోగ్రాముల పరిమితి పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నది కూడా ఈ టీకా స్పందన తగ్గుదలనే.

అందుకని టాక్స్_కొత్త గారూ, మీ జవాబు నా దృష్టిలో స్పష్టం: టీడార్ పెట్టండి.


క్లినిక్_వైపు:

పై ఇద్దరూ చెప్పినవి మంచి మాటలే, కానీ టాక్స్_కొత్త గారి మూడో ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. జంతువుల్లో అంతా బాగుంటే మనుషుల్లో ధైర్యంగా ఉండొచ్చా? ఉండకూడదు. మీరిద్దరూ మాట్లాడింది ఇమ్యూనిటీ తగ్గడం గురించే. పెరగకూడనప్పుడు పెరగడం, సొంత శరీరం మీదికే తిరగడం, అలర్జీ, ఇవి వేరే దారులు, వీటిని టీడార్ పట్టుకోలేదు.

2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఉన్న ట్రయల్ యూనిట్‌లో జరిగింది ఈ రంగంలోకి వచ్చే ప్రతివాళ్ళూ చదవాలి. టీజీఎన్1412 అనే యాంటీబాడీ మందు, టీ కణాల మీద ఉండే సీడీ28 అనే స్విచ్ లాంటి ప్రొటీన్‌ని నేరుగా తట్టి లేపుతుంది. కోతులకి కిలోకి 50 మిల్లీగ్రాములు ఇచ్చినా ఏమీ కాలేదు. అందులో 500వ వంతు, కిలోకి 0.1 మిల్లీగ్రాము, ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకి ఎక్కించారు, ఒకరి తర్వాత ఒకరికి కొద్ది నిమిషాల తేడాతోనే. గంట, గంటన్నర లోపు తలనొప్పి, నడుంనొప్పి, వణుకు, జ్వరం మొదలయ్యాయి, తర్వాత బీపీ పడిపోయింది, ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఆరుగురూ ఐసీయూకి వెళ్ళారు. ఆరుగురూ బతికారు, కానీ వాళ్ళు పడిన నరకం తక్కువది కాదు.

ఎందుకు తప్పిందో తర్వాత తేలింది. మనుషుల్లో ఎఫెక్టర్ మెమరీ సీడీ4 టీ కణాల (పాత శత్రువుల్ని గుర్తుపెట్టుకున్న కణాల) మీద సీడీ28 ఉంటుంది, ఆ కోతుల్లో అవే కణాల మీద అది ఉండదు. మందు తట్టాల్సిన తలుపే అక్కడ లేనప్పుడు కోతి ప్రశాంతంగా కూర్చోవడంలో ఆశ్చర్యం ఏముంది? మనిషి రక్తకణాలతో ల్యాబులో చేసిన పరీక్ష కూడా హెచ్చరించలేకపోయింది, ఎందుకంటే మందుని ద్రవంలో కలిపి ఇచ్చారు. అదే మందుని ప్లాస్టిక్ ప్లేటు అడుగున ఆరబెట్టి అంటించి, దాని మీద మనిషి కణాలు పోస్తే సైటోకైన్లు వరదలా వచ్చాయి. ఒకే మందు, అవే కణాలు, అంటించిన పద్ధతి ఒక్కటే తేడా. దీని తర్వాతే మనుషులకి మొదటి డోసు నిర్ణయించే లెక్క మారింది, హాని కనిపించని డోసు నుంచి కిందికి దిగడం కాకుండా, అతి తక్కువ ప్రభావం చూపే డోసు నుంచి పైకి ఎక్కడం అలవాటైంది, మొదట ఒక్క మనిషికే ఇచ్చి ఆగి చూడటం అలవాటైంది.

అణచివేతలో కూడా జంతువులు చెప్పలేనివి ఉన్నాయి. నటాలిజుమాబ్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి మందు, 2004 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2005 ఫిబ్రవరిలోనే ఆపేశారు, ఎందుకంటే కొందరిలో జేసీ వైరస్ మెదడుని తినేసే పీఎంఎల్ జబ్బు వచ్చింది. రోగనిరోధక కణాలు మెదడులోకి వెళ్ళకుండా ఆ మందు ఆపుతుంది, దాక్కున్న వైరస్‌కి అదే అదనుగా దొరికింది. జేసీ వైరస్ మనుషుల్ది, ఎలుకలోనో కోతిలోనో ఈ జబ్బుని ఎన్నేళ్ళు వెతికినా కనిపించేది కాదు. 2006లో గట్టి షరతులతో మళ్ళీ వచ్చింది, ఇప్పుడు జేసీ వైరస్ యాంటీబాడీ పరీక్ష చేస్తూ వాడుతున్నారు.

కాబట్టి మీ మాలిక్యూల్‌కి టీడార్ బాగా వచ్చినా క్లినికల్ టీమ్‌తో కూర్చుని ఇన్‌ఫెక్షన్లు ఎలా కనిపెట్టాలో, ఎవరిని ట్రయల్‌లోకి తీసుకోకూడదో ముందే రాయించండి.


కణం_వెంట:

క్లినిక్_వైపు గారూ, టీజీఎన్1412 పాఠం నిజమే కానీ దాన్ని పట్టుకుని ఒక చిన్న మాలిక్యూల్ స్టడీని తూచడం సరికాదని నా అభిప్రాయం. ఐసీహెచ్ ఎస్8 పరిధిలో యాంటీబాడీల లాంటి బయోలాజికల్ మందులు అసలు లేవు, వాటికి ఎస్6 వేరే ఉంది. టాక్స్_కొత్త గారి ఎదురుగా ఉన్నది థైమస్ తగ్గిన ఎలుక, ఆ ఎలుక అడుగుతున్న ప్రశ్నకి జవాబు చెప్పే పరీక్ష ఉంది. "జంతువులు ఎలాగూ చెప్పలేవు" అనే మాట విన్న మేనేజర్లు చేసే మొదటి పని ఉన్న పరీక్షని కూడా కొట్టేయడం.


క్లినిక్_వైపు:

పరీక్ష మానేయమని నేను ఎక్కడా అనలేదండీ, పెట్టమనే అంటున్నాను. ఫలితం బాగుందని సంతకం పెట్టి నిద్రపోవద్దు అంటున్నాను.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ల్యాబు ఎలుకలు పుట్టిన దగ్గర్నుంచి సూక్ష్మజీవులు లేని శుభ్రమైన గదుల్లో పెరుగుతాయి, వాటి రోగనిరోధక వ్యవస్థకి అనుభవం లేదు, జ్ఞాపకం ఉన్న టీ కణాలు చాలా తక్కువ. 2019లో రోషార్ట్ బృందం ల్యాబు ఎలుకల పిండాల్ని అడవి ఎలుకల గర్భంలో పెంచింది. అలా పుట్టిన పిల్లలకి జన్యువులు ల్యాబువే, సూక్ష్మజీవులు మాత్రం అడవివి. సీడీ28ని తట్టే మందు ఇస్తే మామూలు ల్యాబు ఎలుకలు ఇమ్యూనిటీని శాంతపరిచే కణాలతో స్పందించాయి, ఈ ఎలుకలు మాత్రం మనుషుల్లాగే మంటతో (ఇన్‌ఫ్లమేషన్‌తో) స్పందించాయి. జంతువుల పరీక్ష దండగ అని దీని అర్థం కాదు, ఏ జంతువు, ఎలా పెరిగింది అన్నది కూడా ఫలితంలో భాగమే అని.


పూతల_ల్యాబ్:

మందుల వాళ్ళ మధ్యలో దూరుతున్నాను, నేను పూతలు, జిగురుల రసాయనాల వైపు పని చేస్తాను. మా దగ్గర అసలు తలనొప్పి ఇమ్యూనిటీ తగ్గడం కాదు, చర్మం అలర్జీ. చిన్న రసాయనం ఒంటరిగా ఉంటే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పట్టించుకోదు, చర్మంలోని ప్రొటీన్‌కి అతుక్కున్నాక ఆ జంటని పరాయిదిగా చూస్తుంది. ఒక్కసారి గుర్తుపెట్టుకుందంటే ఆ మనిషి జీవితాంతం ఆ రసాయనానికి దూరంగా ఉండాల్సిందే, అవసరమైతే ఉద్యోగం మార్చుకోవాల్సిందే. హెయిర్‌డై పని, సిమెంటు పని, ఎపాక్సీ పని చేసేవాళ్ళ చేతులు చూసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో తెలుసు.

ఇక్కడ ఒక సంతోషం ఉంది. ఒకప్పుడు గినీ పిగ్‌ల చర్మం మీద రసాయనం రాసి ఎర్రబడిందా లేదా కంటితో చూసేవాళ్ళు. తర్వాత ఎలుక చెవి మీద రాసి దగ్గరి లింఫ్ నోడులో కణాలు ఎంత విభజన చెందాయో కొలిచే ఎల్ఎల్ఎన్ఏ వచ్చింది, కంట్రోల్ కంటే మూడింతలు దాటితే అలర్జీ కలిగించేదని లెక్క. ఇప్పుడు జంతువే లేకుండా చేస్తున్నాం. రసాయనం ప్రొటీన్ ముక్కకి అతుక్కుంటుందా అని టెస్ట్‌ట్యూబులో ఒకటి, చర్మకణాలు ఆపద సంకేతం ఇస్తాయా అని ఇంకొకటి, పరాయిదాన్ని పట్టి చూపించే డెండ్రిటిక్ కణాల లాంటి టీహెచ్‌పీ-1 కణాల మీద సీడీ86, సీడీ54 అనే గుర్తులు పెరుగుతాయా అని మూడోది. మూడింటిలో రెండు ఒకే మాట చెప్తే దాన్నే ఫలితంగా తీసుకోవచ్చని 2021లో ఓఈసీడీ 497 గైడ్‌లైన్ ఒప్పుకుంది. ఇది సాధ్యమైంది ఎందుకంటే చర్మం అలర్జీలో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తుందో స్పష్టంగా తెలుసు, ఒక్కో మెట్టుకీ ఒక్కో పరీక్ష పెట్టగలిగారు. ఇమ్యూనిటీ తగ్గడానికి అలాంటి ఒకే నిచ్చెన లేదు, అందుకే అక్కడ ఇంకా ఎలుక కావాల్సి వస్తోంది.

ఊపిరితిత్తుల అలర్జీకి మాత్రం ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న పరీక్ష లేదు. ఐసోసైనేట్‌ల వల్ల ఆస్తమా వచ్చిన కార్మికుల్ని చూశాకే ఆ గుణం తెలిసింది. నాకు ఈ విషయంలో కోపమే ఉంది, రసాయనం మార్కెట్లోకి రావడానికి ముందు తెలియాల్సింది మనిషి ఊపిరాడక బాధపడ్డాక తెలియడం ఏం న్యాయం?

మందుల అలర్జీలో కూడా కథ ఇలాంటిదే అనుకుంటాను, క్లినిక్_వైపు గారు చెప్పాలి.


క్లినిక్_వైపు:

అవును. ఎలుకల స్టడీలో అది కనిపించదు, చాలాసార్లు మనిషి జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది. అబాకవిర్ అనే హెచ్ఐవీ మందు తీసుకున్నవాళ్ళలో సుమారు 5 శాతం మందికి తీవ్రమైన రియాక్షన్ వచ్చేది. హెచ్ఎల్ఏ-బి*57:01 అనే జన్యురూపం ఉన్నవాళ్ళలోనే అది వస్తుందని తెలిశాక, ముందే ఆ పరీక్ష చేసి వాళ్ళకి మందు ఇవ్వకుండా ఆపితే, 2008లో ప్రచురించిన ట్రయల్‌లో చర్మపరీక్షతో నిర్ధారించిన రియాక్షన్లు సున్నాకి వచ్చాయి, పరీక్ష చేయని గుంపులో 2.7 శాతం. ఇలా తేలిన మందులు కొన్నే. మిగతావాటికి ఇప్పటికీ మనుషుల్లో వచ్చాకే తెలుస్తోంది.


టాక్స్_కొత్త:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ, ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. స్లైడ్_చదువరి గారు చెప్పినట్టు ఒక్కో ఎలుక లెక్క వేశాను. ఎక్కువ డోసులో అడ్రినల్ బరువు పెరగలేదు. బరువు కంట్రోల్‌తో సమానంగా పెరిగిన ఎలుకలు కూడా అందులో కొన్ని ఉన్నాయి, వాటి థైమస్ కూడా చిన్నదే. మధ్య డోసులో రెండు మూడింటికి ప్లీహంలో జెర్మినల్ సెంటర్లు తక్కువ అని పాథాలజిస్ట్ నోట్‌లో ఒక మూల రాసి ఉంది, సమ్మరీలోకి రాలేదు.

టీడార్ కోసం అడుగుతాను. ఒక సందేహం: ఖర్చు, జంతువులు తగ్గించడానికి తర్వాతి స్టడీలో ఉండే ఎలుకలకే కేఎల్‌హెచ్ ఇచ్చేస్తే సరిపోతుందా, లేక విడిగా ఎలుకలు కావాలా? డోసులు ఎలా పెట్టాలి?


స్లైడ్_చదువరి:

అడ్రినల్ పెరగలేదు, బరువున్న ఎలుకలో థైమస్ చిన్నది, జెర్మినల్ సెంటర్లు తక్కువ. ఇక ఒత్తిడి అని రాయడానికి నేనైతే సంతకం పెట్టను. ఆ మూలన ఉన్న నోట్‌ని సమ్మరీలోకి తెప్పించండి, ముందు అది.


కణం_వెంట:

ప్రధాన గుంపులోని ఎలుకలకే కేఎల్‌హెచ్ ఇవ్వడానికి గైడ్‌లైన్ అడ్డు చెప్పదు, చాలామంది అలాగే చేస్తారు. కానీ మీ విషయంలో విడిగా శాటిలైట్ గుంపు పెట్టమంటాను, ఎందుకంటే కేఎల్‌హెచ్ తగిలాక ప్లీహంలో, లింఫ్ నోడుల్లో ఫాలికిల్స్, జెర్మినల్ సెంటర్లు వాటంతట అవే పెరుగుతాయి. మీ అనుమానం సరిగ్గా ఆ జెర్మినల్ సెంటర్ల మీదే ఉన్నప్పుడు ఆ స్లైడుల్ని కలుషితం చేసుకోవడం ఎందుకు?

డోసుల సంగతికి వస్తే, ఎలుకలు తిండి మానేసే పై డోసు వద్దు, మళ్ళీ అదే వాదన మొదలవుతుంది. జంతువు ఆరోగ్యంగా ఉండే అత్యధిక డోసు పైన పెట్టి, కింద మీ మధ్య డోసు, ఇంకా కింద ఒకటి. సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చిన గుంపు ఒకటి తప్పకుండా ఉండాలి, ఆ గుంపులో యాంటీబాడీ పడిపోకపోతే మీ పరీక్షే పని చేయలేదని అర్థం, అప్పుడు మీ మందు గుంపులో తేడా రాకపోయినా దాన్ని ఎవరూ నమ్మరు. మందు 28 రోజులూ ఇస్తూనే కేఎల్‌హెచ్ రెండో వారం చివర్లో ఇవ్వండి, ఐజీఎం, ఐజీజీ రెండింటికీ రక్తం తీయడానికి టైమ్ దొరుకుతుంది. కేఎల్‌హెచ్ ఇవ్వకముందు కూడా ఒకసారి రక్తం తీసి దాచండి, అది లేకపోతే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. యాంటీబాడీ తగ్గినట్టు తేలితే మందు ఆపి ఒక నెల వదిలేసి, ఇంకో కొత్త యాంటిజెన్‌తో స్పందన తిరిగి వస్తుందో లేదో చూడాలి, దానికి కావాల్సిన ఎలుకల్ని ఇప్పుడే ప్రొటోకాల్‌లో అడగండి.